అయోవాలో గ్రినెల్ కాలేజీ గురించి ఎవరికైనా తెలుసా? అక్కడ చదివి పైకొచ్చినవాళ్ళు ఎవరు?

తెనాలి_టీచరమ్మ:
అందరికీ నమస్కారమండీ. మా పాపకి అమెరికాలో అయోవా రాష్ట్రంలో గ్రినెల్ అనే కాలేజీలో సీటొచ్చింది, నాలుగేళ్ళ బీఏ, ఫీజులో చాలా భాగం వాళ్ళే భరిస్తామని లెటర్ కూడా పంపారు. పాప ఆ రాత్రంతా నిద్రపోలేదు సంతోషంతో. ఇంట్లో మాత్రం ఆ రోజు నుంచి ఒకటే చర్చ. మా బావగారు, ఆడపడుచు వాళ్ళు అందరిదీ ఒకే మాట, ఆ పేరు ఎప్పుడూ వినలేదు, ఇంజనీరింగ్ కాదు, ఊరు చూస్తే పదివేల జనాభా కూడా లేదు, అంత దూరం పంపి బీఏ చదివించడమేంటి అని. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళ్ళి అడిగితే ఆయన ల్యాప్‌టాప్‌లో యూనివర్సిటీల లిస్టు తెరిచి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వెతికి ఇందులో లేదు మేడమ్, లేదంటే పెద్ద కాలేజీ కాదన్నట్టే, వదిలేయండి అన్నారు. పాప బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

నాకు ర్యాంకులు వద్దండీ. అక్కడ చదివినవాళ్ళు ఏమయ్యారు, పాఠాలు చెప్పినవాళ్ళు ఎలాంటివాళ్ళు, ఆటల్లో ఎవరైనా ఉన్నారా (పాపకి ఆటలంటే ప్రాణం), తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి. మా మామగారికి చదివి వినిపించాలి. ఆయన పాతకాలం పార్టీ మనిషి, ఎనభై దాటాయి, మా ఇంట్లో ఆఖరి మాట ఆయనదే.

డెమోయిన్_తెలుగోడు:
టీచరమ్మ గారూ ముందు పాపకి కంగ్రాట్స్ చెప్పండి. నేను అయోవా రాజధాని డెమోయిన్‌లో ఉంటా, గ్రినెల్ మాకు తూర్పున ఐ-80 హైవే మీద గంట ప్రయాణం. రెండు పక్కలా మొక్కజొన్న, సోయా చేలు తప్ప ఏమీ ఉండవు, ఎగ్జిట్ తీసుకుంటే చిన్న ఊరు, ఆ ఊళ్ళోనే కాలేజీ. క్యాంపస్ మధ్యలోంచి రైలు పట్టాలు పోతాయి, గూడ్సు బండి వస్తే పిల్లలు క్లాసుకి పోతూ పోతూ ఆగిపోతారు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు అలాగే ఓ పదిమంది పిల్లల పక్కన నిలబడ్డా, చలికి ముక్కులు ఎర్రగా అయిపోయి, ఒకమ్మాయి చేతిలో పుస్తకం తెరిచే ఉంది, బండి పోయేదాకా చదువుతూనే ఉంది.

కన్సల్టెన్సీ ఆయన వెతికింది యూనివర్సిటీల లిస్టు, ఇది లిబరల్ ఆర్ట్స్ కాలేజీ, అంటే సైన్సు, సాహిత్యం, చరిత్ర అన్నీ కలిపి డిగ్రీ దాకా చదివించే కాలేజీ, వీటికి లిస్టు వేరే ఉంటుంది. 1846లో మొదలైన కాలేజీ ఇది, ఇక్కడ రెండేళ్ళ కోర్సులు చెప్పే కమ్యూనిటీ కాలేజీల లాంటిది కాదు. మొత్తం పిల్లలు 1700 దాకా ఉంటారు. ఎంఎస్, పీహెచ్‌డీ కోర్సులు ఉండవు, కాబట్టి క్లాసులో పాఠం, ల్యాబు, పేపర్ దిద్దడం అన్నీ ప్రొఫెసరే చూసుకోవాలి, పీజీ కుర్రాళ్ళకి అప్పజెప్పడానికి అక్కడ పీజీ కుర్రాళ్ళే లేరు. అందరూ తప్పనిసరిగా తీసుకోవాల్సిన కోర్సు ఒక్కటే, మొదటి సెమిస్టర్‌లో ట్యుటోరియల్ అని, ఒక ప్రొఫెసర్ చుట్టూ ఓ డజను మంది కూర్చుని చదవడం రాయడం వాదించడం నేర్చుకుంటారు, ఆ ప్రొఫెసరే పాపకి అడ్వైజర్ కూడా అవుతారు. మేజర్ ఏంటో రెండో ఏడు చెప్తే చాలు.

అక్కడ చదివినవాళ్ళ సంగతి కంప్యూటర్ చిప్పుల ఫీల్డులో ఉన్నవాళ్ళు చెప్తే బాగుంటుంది, మన గ్రూపులో చాలామందే ఉన్నారుగా.

చిప్ డిజైన్, గచ్చిబౌలి:
ఉన్నానండీ. పద్నాలుగేళ్ళ నుంచి ఇదే పని, ఈ కాలేజీ గురించి రాయమంటే నాకు అంతకంటే ఇష్టమైన పని లేదు.

మీ చేతిలో ఫోన్ ఉంది కదా, దాంట్లో చిప్పు, ఆ చిప్పు ఇవాళ్టి రూపంలో ఉండటానికి మూలపురుషుల్లో ఒకాయన రాబర్ట్ నాయిస్. ఇంటెల్ కంపెనీ పెట్టిన ఇద్దరిలో ఒకరు, రెండో ఆయన గోర్డన్ మూర్, 1968లో. నాయిస్ 1949లో గ్రినెల్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ చదివి డిగ్రీ తీసుకున్నాడు. తండ్రి చర్చి పాస్టర్, డబ్బున్న ఇల్లేం కాదు, ఆ ఊళ్ళోనే పెరిగాడు. అందరూ నాయిస్ దగ్గరే ఆగిపోతారు గానీ నాకు ఆయన కంటే ఆయన మాస్టారు ముఖ్యం, గ్రాంట్ గేల్ అని ఫిజిక్స్ ప్రొఫెసర్. కుర్రాడు ఇంకా హైస్కూల్లో ఉండగానే చురుకు చూసి కాలేజీ ఫిజిక్స్ క్లాసులో కూర్చోబెట్టుకున్నాడు. 1948లో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థ వాళ్ళు ట్రాన్సిస్టర్ (ఇవాళ్టి చిప్పులకి మూలమైన బుల్లి స్విచ్చు) కనిపెట్టామని ప్రకటించారు, పేపర్లో చిన్న వార్త వచ్చింది, చాలామంది చూసి పేజీ తిప్పేసి ఉంటారు. గేల్ మాస్టారు అలా తిప్పలేదు. కనిపెట్టిన వాళ్ళలో బార్డీన్ ఆయనకి విస్కాన్సిన్‌లో చదువుకున్న రోజుల నుంచి తెలుసు, బెల్ ల్యాబ్స్ పెద్ద ఆలివర్ బక్లీ గ్రినెల్‌లో చదివినాయనే. ఉత్తరాలు రాసి ఆ టెక్నికల్ పేపర్లన్నీ తెప్పించుకుని, మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఆ కాలేజీలో పిల్లలతో కలిసి తనూ నేర్చుకున్నాడు, ఎందుకంటే ఆయనకీ అది కొత్తే. నాయిస్ తర్వాత పీహెచ్‌డీకి ఎంఐటీ వెళ్తే అక్కడ ఇంకా ట్రాన్సిస్టర్‌కి ముందు వాడిన వాక్యూమ్ ట్యూబుల చదువే ఎక్కువ.

ఇంకో సంగతి చెప్పాలి. 1948లోనే హాస్టల్లో ఏదో విందు అని నాయిస్, ఇంకో కుర్రాడు రాత్రిపూట పక్క పొలంలోంచి ఒక పందిపిల్లని ఎత్తుకొచ్చారు, తెల్లారాక మనసొప్పక డబ్బు ఇద్దామని వాళ్ళే ఆ రైతు దగ్గరికి పోయి ఒప్పుకున్నారు, ఆ రైతు ఊరి మేయరు. అయోవాలో పశువుల దొంగతనమంటే అప్పట్లో జైలుకి పోయే నేరం. కాలేజీ ప్రెసిడెంటు, గేల్ మాస్టారు కలిసి మాట్లాడి కేసు లేకుండా చేసి ఒక్క సెమిస్టర్ సస్పెన్షన్‌తో బయటపడేశారు. ఆ సెమిస్టరంతా న్యూయార్క్‌లో ఇన్సూరెన్స్ కంపెనీలో లెక్కలు చూసుకుంటూ గడిపి 1949 జనవరిలో తిరిగొచ్చి టైముకే డిగ్రీ పూర్తిచేశాడు. మాస్టారు ఆ రోజు ఇది నాకెందుకు అనుకుని ఊరుకుంటే ఏమయ్యేదో ఆలోచిస్తేనే నాకు గుండె జారుతుంది. పదేళ్ళకి 1959లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో ఉండగా ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్, అంటే చిప్పుకి పేటెంట్ వేశాడు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో జాక్ కిల్బీ ఏడాది ముందే ఒక పద్ధతిలో చేసి చూపించాడు, 2000లో కిల్బీకి నోబెల్ ఇచ్చేనాటికి నాయిస్ లేడు, 1990లోనే పోయాడు. ఇప్పుడు ఆ క్యాంపస్‌లో సైన్స్ బిల్డింగ్‌కి నాయిస్ పేరు, నక్షత్రాలు చూసే అబ్జర్వేటరీకి గేల్ పేరు.

ఫీజు వాళ్ళు భరిస్తామన్నారన్నారు కదా, అదెలాగో కూడా మీ బావగారికి చెప్పండి. నాయిస్ ఇంటెల్ పెట్టేటప్పుడు గ్రినెల్ ట్రస్టీ కూడా. మిగతా ట్రస్టీల్లో జోసెఫ్ రోసెన్‌ఫీల్డ్ అని డెమోయిన్ లాయరు, ఆయనా అక్కడ చదివినాయనే, కాలేజీ డబ్బు, ఇద్దరు ట్రస్టీల డబ్బు కలిపి 3 లక్షల డాలర్లు ఇంటెల్‌లో పెట్టించాడు. వారెన్ బఫెట్‌ని ట్రస్టీగా తీసుకొచ్చిందీ ఆయనే, బఫెట్ ఏళ్ళ తరబడి ఆ బోర్డులో ఉన్నాడు. అలా కూడబెట్టి కూడబెట్టి ఇవాళ ఆ చిన్న కాలేజీ నిధి 2 బిలియన్ డాలర్లకి పైమాటే, పిల్లలకి ఇచ్చే సాయానికి పెద్ద ఆధారం ఆ నిధే.

కరీంనగర్_హూప్స్:
అక్కా ఆటల సంగతి నేను చెప్త. కాలేజీ రోజుల్ల బాస్కెట్‌బాల్ ఆడినోన్ని, గ్రినెల్ పేరు నాకు 2012ల తెలిసింది. నవంబర్ 20 నాడు జాక్ టేలర్ అనే పిల్లగాడు గ్రినెల్ టీమ్ తరఫున ఒక్క మ్యాచ్‌ల ఒక్కడే 138 పాయింట్లు కొట్టిండు. అప్పటిదాక అమెరికా కాలేజీల రికార్డు 113, అది 1954ల బెవో ఫ్రాన్సిస్‌ది, 58 ఏండ్లు నిలిచింది. స్కోర్ షీట్ ఇప్పటికీ నా ఫోన్ల సేవ్ చేసుకున్న, 36 నిమిషాలు ఆడి 108 షాట్లు వేసిండు, 52 పడ్డయి, అందుల మూడు పాయింట్ల షాట్లు 71 వేస్తే 27 పడ్డయి, మిగిలినయి రెండేసి పాయింట్లయి, ఒక్కో పాయింటు ఫ్రీ త్రోలు 7. కూడి చూడు, సరిగ్గ 138. మ్యాచ్ 179-104. ఓడిన టీమ్‌ల కూడ ఒక పిల్లగాడు 70 కొట్టిండు, ఆయన్ని ఎవ్వరు యాది చేయరు, నాకు మాత్రం మస్తు బాధ అనిపిస్తది.

ఇది అసలు ఆటనా, ఒక్కనికే బాల్ ఇచ్చుడేంది అని తిట్టినోళ్ళు గూడ ఉన్నరు. వాళ్ళ బాధ నాకు అర్థమైతది. కని ఆ పద్ధతి ఎట్ల పుట్టిందో తెల్సుకోవాలె. డేవిడ్ ఆర్సెనో అని కోచ్, 1989ల వచ్చిండు, అంతకు ముందు టీమ్ ఏండ్ల సంది ఓడిపోతనే ఉండె, సగం మంది పిల్లలు బెంచి మీదనే కూసుంటుండె. ఆయన ఏం జేసిండంటే నిమిషానికో నిమిషమున్నరకో అయిదుగురిని అయిదుగురినీ మార్చేసుడు, కోర్టు మొత్తం అవతలోళ్ళ వెంట పడి అడ్డుకునుడు, బాల్ దొరికితే షాట్ వేసుడే. బెంచి మీద ఎవ్వరు మిగలరు, అందరు ఆడుతరు.

ఇంక పాతకాలపోడు ఒకడున్నడు, మోర్గాన్ టేలర్, 1924 పారిస్ ఒలింపిక్స్‌ల 400 మీటర్ల హర్డిల్స్ గోల్డ్. 52.6 సెకన్లల ఉరికిండు, అందరికంటే ఫాస్టే, కని ఒక హర్డిల్ కాలు తగిలి పడిపోయింది, అప్పటి రూల్ ప్రకారం వరల్డ్ రికార్డు కింద రాసుకోలేదు. మల్ల 1928ల, 1932ల బ్రాంజ్ తెచ్చిండు, 1932ల లాస్ ఏంజెల్స్‌ల అమెరికా జెండా పట్టుకొని ముందు నడిచింది గీయననే.

ఒక్కటి గుర్తు పెట్టుకో అక్కా, గ్రినెల్ డివిజన్ 3, ఆటకు స్కాలర్‌షిప్ ఉండది. పాప ఆడుతే ఇష్టం కొద్దీ ఆడాలె, చదువుకుంటనే ఆడాలె. నాకైతే అదే మంచిదనిపిస్తది.

పాతపుస్తకాల_పిచ్చి:
మామగారు పార్టీ మనిషి అన్నారు కాబట్టి ఈ పోస్టు ఆయన కోసమే రాస్తున్నా, దయచేసి మొత్తం చదివి వినిపించండి.

కతయామా సెన్ అని జపాన్‌లో కార్మికోద్యమం మొదలుపెట్టిన తొలితరం మనిషి, పల్లెటూళ్ళో పుట్టి 1884లో చేతిలో ఏమీ లేకుండా అమెరికా వచ్చి వంటపని, ఇంటిపని చేసుకుంటూ చదువుకున్నాడు. 1892లో డిగ్రీ తీసుకున్నది గ్రినెల్ నుంచే, అప్పట్లో దాని పేరు అయోవా కాలేజీ. తిరిగి జపాన్ వెళ్ళి 1897లో కార్మికుల పత్రిక పెట్టాడు. 1904లో రష్యా జపాన్ యుద్ధం జరుగుతుండగా ఆమ్‌స్టర్‌డామ్‌లో సోషలిస్టుల అంతర్జాతీయ మహాసభలో ఈయన, రష్యా నుంచి వచ్చిన ప్లెఖనోవ్ అందరి ముందూ లేచి చేతులు కలిపారు. ఆ సభలోనే మన దాదాభాయి నౌరోజీ కూడా ఉన్నారు, భారతదేశంలో బ్రిటిష్ పాలన గురించి మాట్లాడింది అక్కడే, అప్పటికి ఆయనకి డెబ్భై ఎనిమిదేళ్ళు. కతయామా 1933లో మాస్కోలో పోయాడు, క్రెమ్లిన్ గోడలో ఆయన అస్థికలు ఉంచారు. అయోవా మొక్కజొన్న పొలాల నుంచి క్రెమ్లిన్ గోడ దాకా, ఇంత దూరం నడిచినవాణ్ణి తయారుచేసిన కాలేజీని చిన్నది అని నేను అనలేను.

అదే ధోరణిలో ఇంకొకరు, హ్యారీ హాప్కిన్స్, 1912 బ్యాచ్. అక్కడ ఎడ్వర్డ్ స్టైనర్ అని ప్రొఫెసర్ ఉండేవాడు, తను కూడా వలస వచ్చినవాడే, మతం అంటే పేదవాడికి పనికొచ్చే పని చేయడం అన్న పాఠం చెప్పేవాడు. హాప్కిన్స్ ఆ పాఠం విని వెళ్ళి న్యూయార్క్ మురికివాడల్లో పనిచేసి, తర్వాత ఆర్థిక మాంద్యం రోజుల్లో అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్‌కి కుడిభుజం అయ్యాడు. 1935 నుంచి ఆయన నడిపిన డబ్ల్యూపీఏ పథకం ఉంది చూశారా, మన ఉపాధి హామీ లాంటిది, రోడ్లు బడులు వంతెనలు కడుతూ మొత్తమ్మీద 85 లక్షల మందికి పని ఇచ్చింది. రంగస్థలం వాళ్ళకి కూడా ఆకలేస్తుంది అని నాటకాల విభాగం పెట్టి దాన్ని హాలీ ఫ్లానగన్‌కి అప్పజెప్పాడు. ఆమెదీ గ్రినెలే, 1911 బ్యాచ్, కొన్నాళ్ళు అక్కడే పాఠాలూ చెప్పింది, పిల్లలతో ప్రయోగాత్మక నాటకాలు ఆడించింది. 1938లో అమెరికా కాంగ్రెస్ (అంటే అక్కడి పార్లమెంటు) కమిటీ పిలిచి మీరంతా కమ్యూనిస్టులు కదా అని నిలదీస్తూ మూడొందల ఏళ్ళ కిందట పోయిన నాటకకర్త మార్లో కూడా కమ్యూనిస్టేనా అని అడిగారు. ఆమె వాళ్ళకి ఓపిగ్గా ఆయన ఎవరో చెప్పి వచ్చింది. 1939లో నిధులు ఆపేసి మొత్తం మూసేశారు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

ఇంకా దక్షిణ సూడాన్ నాయకుడు జాన్ గరాంగ్, 1969లో అక్కడే ఎకనామిక్స్ డిగ్రీ. ఇరవై ఏళ్ళకి పైగా పోరాటం నడిపి 2005 జనవరిలో ఒప్పందం కుదిర్చి, జులైలో ఉపాధ్యక్షుడిగా ప్రమాణం చేసి, మూడు వారాలకే హెలికాప్టర్ కూలి పోయాడు. దేశం 2011లో వచ్చింది, చూడటానికి ఆయన లేడు.

డెమోయిన్_తెలుగోడు:
పై పోస్టు రెండుసార్లు చదివా. ఆడపిల్ల విషయం కాబట్టి ఒకటి కలుపుతా. ఈడిత్ రెన్‌ఫ్రో స్మిత్ అని ఆ ఊళ్ళోనే పుట్టిన నల్లజాతి అమ్మాయి, 1937లో గ్రినెల్ నుంచి డిగ్రీ తీసుకున్న మొదటి నల్లజాతి మహిళ. తర్వాత షికాగోలో స్థిరపడింది, అక్కడ ఆమె పొరుగున పెరిగిన కుర్రాడే జాజ్ పియానో వాయించే హెర్బీ హాన్‌కాక్. ఆయన కూడా 1956లో గ్రినెల్‌లోనే చేరాడు, ముందు ఇంజనీరింగ్ లైన్‌లో చేరి మధ్యలో మనసు పాటల మీదికి పోయి మ్యూజిక్‌కి మారాడు. అక్కడ అలా మారడం కుదురుతుంది, మన దగ్గర ఎంపీసీ తీసుకున్న పిల్ల సంగీతం అంటే ఇంట్లో ఏమవుతుందో మనందరికీ తెలుసు. తర్వాత జాజ్‌లో పెద్ద పేరున్న మైల్స్ డేవిస్ బృందంలో వాయించాడు, 2008లో గ్రామీల్లో ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ కొట్టాడు. ఇప్పుడు క్యాంపస్ దగ్గర రెన్‌ఫ్రో పేరుతో కొత్త హాస్టల్ కూడా కట్టారు.

ల్యాబ్‌కోటు:
నేను ఆర్‌ఎన్‌ఏ మీద పనిచేస్తా కాబట్టి టామ్ చెక్ గురించి ఎవరూ రాయకపోతే నేనే రాయాలి. 1970 గ్రినెల్ బ్యాచ్, కెమిస్ట్రీ. ప్రోటీన్లే కాదు ఆర్‌ఎన్‌ఏ కూడా ఎంజైమ్ పని (కణంలో రసాయన చర్యల్ని వేగంగా జరిపించే పని) చేయగలదు, తనని తానే కోసుకుని అతుక్కోగలదు అని కొలరాడోలో చూపించినాయన, 1989లో సిడ్నీ ఆల్ట్‌మన్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు. గ్రినెల్‌లో కెమిస్ట్రీతో పాటు హోమర్, డాంటే, రాజ్యాంగ చరిత్ర చదివానని, అవి కూడా ఇష్టంగా చదివానని ఆయనే రాసుకున్నాడు. కాబోయే భార్యని కలిసింది కూడా అక్కడే, కెమిస్ట్రీ ల్యాబులో మెల్టింగ్ పాయింట్ చూసే మెషిన్ దగ్గర. జన్యువుల్ని కోసి మార్చే క్రిస్పర్ పద్ధతికి 2020లో నోబెల్ తీసుకున్న జెన్నిఫర్ డౌడ్నా పీహెచ్‌డీ తర్వాత పనిచేసింది ఈయన ల్యాబులోనే, ఆవిడ డిగ్రీ చదివింది కాలిఫోర్నియాలో పొమోనా అనే ఇలాంటిదే ఇంకో చిన్న కాలేజీలో.

కాకపోతే టీచరమ్మ గారూ ఒక మాట. ఇన్నేళ్ళలో వేలమంది చదివారు, మనం చెప్పుకున్నది ఓ పది పేర్లు. పాప నాయిస్ అవుతుందా చెక్ అవుతుందా అని కాదు చూడాల్సింది. సాయం నాలుగేళ్ళూ అంతే ఇస్తారా, ఫీజు పెరిగితే అదీ పెరుగుతుందా అని మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తీసుకోండి. హెల్త్ ఇన్సూరెన్స్, విమానం టికెట్, చలిబట్టలు అందులో ఉన్నాయో లేదో అడగండి. పాప ఏ సబ్జెక్టు అనుకుంటుందో ఆ డిపార్ట్‌మెంటులో ఒక ప్రొఫెసర్‌కి పాపనే స్వయంగా రాయమనండి, ఎలా జవాబిస్తారో చూడండి. అక్కడ ఇంజనీరింగ్ డిగ్రీ ఉండదు, కంప్యూటర్ సైన్స్, మ్యాథ్స్, సైన్సులు ఉంటాయి, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) మేజర్ అయితే చదువయ్యాక ఓపీటీ, అంటే అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి, 12 నెలలకి ఇంకో 24 కలుస్తాయి, లేకపోతే ఆ 12 నెలలే. ఇది బావగారికి ముందే చెప్పడం మంచిది.

తెనాలి_టీచరమ్మ:
అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదండీ. నిన్న రాత్రి భోజనాలయ్యాక వసారాలో కూర్చోబెట్టి మామగారికి మొత్తం చదివా. నాయిస్ గురించి విని ఊ కొట్టారు, బాస్కెట్‌బాల్ దగ్గర నిద్రపోయారేమో అనుకున్నా. కతయామా పేరు రాగానే కళ్ళు తెరిచి మళ్ళీ చదువు అన్నారు. ఆమ్‌స్టర్‌డామ్ సభ సంగతి తనకి తెలుసట, ఆ జపాన్ మనిషి ఎక్కడ చదివాడో మాత్రం తెలియదట. మూడుసార్లు చదివించుకున్నారు. తర్వాత గేల్ మాస్టారి దగ్గరికి వెనక్కి వెళ్ళి ఆ ఉత్తరాల ముక్క మళ్ళీ చదవమన్నారు, నేను ముప్ఫై ఏళ్ళుగా బడిలో పాఠాలు చెప్తున్నా కదండీ, ఆ ముక్క చదువుతుంటే నా గొంతు కూడా పట్టేసింది.

ల్యాబ్‌కోటు గారు చెప్పినట్టు పాప కెమిస్ట్రీ మేడమ్‌కి మెయిల్ పెట్టింది, తెల్లారేసరికి జవాబొచ్చింది, పెద్ద ఉత్తరమే, నీకు ఏం ఇష్టం, ఏం చదువుతున్నావు అని ఆవిడే తిరిగి నాలుగు ప్రశ్నలు అడిగారు. పాప దాన్ని ప్రింటు తీయించి తాతయ్యకి చూపించింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండు పేజీలూ నెమ్మదిగా చదివి, మడిచి జేబులో పెట్టుకుని, బీరువాలో నా ఊలు శాలువా ఉంది చూడమ్మా, అది దీనికి సరిపోతుందా అని నన్నడిగారు.

డెమోయిన్ బాబూ, జనవరిలో అక్కడ చలి ఎంత ఉంటుందో, ఏమేం కొనాలో కాస్త రాయి నాయనా.

డెమోయిన్_తెలుగోడు:
మైనస్ 20 దాకా పోతుంది టీచరమ్మ గారూ. శాలువా ఇవ్వండి, రూములో కప్పుకుంటుంది. జాకెట్టు, బూట్లు మాత్రం అక్కడ కొనొద్దు, ఇక్కడికొచ్చాక నేనూ మా ఆవిడా తీసుకెళ్ళి కొనిపెడతాం, ఎయిర్‌పోర్టుకి కూడా మేమే వస్తాం. డేట్ చెప్పండి చాలు.